తప్పిన తిథి

సాకేత్‌కి ఆ వారం వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే సంగతి చెప్పాయి. ప్రోగ్రాం తిథి తప్పు చూపిస్తోందని. కొన్ని మర్యాదగా ఉన్నాయి, కొన్ని కోపంగా. అతను అన్నింటికీ ఒకే జవాబు పంపాడు. ఈ మార్పు గురించి ముందే ప్రకటించామనీ, దయచేసి చదువుకోమనీ రాసి, కింద ఆ ప్రకటన లింకు పెట్టాడు.

పంపడం అయ్యాక వసారాలోకి వచ్చి నిలబడ్డాడు.

"చెప్పాల్సిన చోటల్లా చెప్పాను. ఎవరూ చదవరు గురువుగారూ."

దక్షిణామూర్తి సిద్ధాంతి దర్భలు సరిచేసుకుంటున్నారు.

సిద్ధాంతి గారు మంథనిలో, గోదావరికి వెళ్ళే దారిలో పాత ఇంట్లో ఉంటారు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పంచాంగ గణితం తండ్రి నేర్పాడు. భార్య పోయాక పొద్దు గడవని రోజుల్లో కంప్యూటర్ నేర్చుకుని, ఆ గణితాన్నంతా ఒక ప్రోగ్రాంగా రాశారు. ఊరి పేరు చెబితే చాలు, ఆ ఊళ్ళో పొద్దు పొడిచే, వాలే వేళలను బట్టి తిథి చెబుతుంది. పోయినవాళ్ళ తిథి ఒకసారి ఇస్తే ఏటా తద్దినం ఏ రోజు వస్తుందో చెబుతుంది. దానికి తిథిదీపం అని పేరు పెట్టారు. డబ్బు తీసుకోలేదు. సోర్స్ కోడ్ కూడా తెరిచి పెట్టారు. ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు. వాడేవాళ్ళ పేర్లు గానీ ఫోన్ నంబర్లు గానీ అడగలేదు. తిథి అడగడానికి ఇంటికొచ్చినవాణ్ణి వివరాలన్నీ రాసివ్వమంటామా అనేవారు.

సాకేత్ హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుండగా ఆ కోడ్ చదివి, అందులో ఒక పొరపాటు పట్టుకుని సిద్ధాంతి గారికి రాశాడు. ఆయన సరిచేసి, కృతజ్ఞతలు చెప్పి, ఇంకేమైనా కనిపిస్తే చెప్పమన్నారు. అలా ఉత్తరాలు నడిచి నడిచి, ఒక సెలవులో గణితం నేర్చుకుంటానని మంథని వచ్చాడు. తర్వాత ఉద్యోగం మానేసి వచ్చాడు. అప్పటికే గురువుగారి కళ్ళు మసకబారుతున్నాయి. ప్రోగ్రాం పని మెల్లగా సాకేత్ చేతికి వచ్చింది.

ఆ పని ఇంత ఒంటరిదని అతను అనుకోలేదు. హైదరాబాద్ స్నేహితులు మొదట్లో ఫోన్ చేసేవారు, తర్వాత మానేశారు. నెలల తరబడి కష్టపడి ఏదైనా బాగుచేసి పెడితే ఒక్క మాట వచ్చేది కాదు. సందేహాలుంటే రాయండి అని పెట్టాడు. ఎవరూ రాయలేదు. ఎందరు తీసుకున్నారో ఒక అంకె మాత్రం కనిపించేది. ఆ అంకె వెనక మనుషులున్నారని కొన్నాళ్ళకి అతనికే నమ్మకం పోయింది. వెనక గదిలో కూర్చుని పాడుబడ్డ బావిలోకి మాట్లాడుతున్నట్టుండేది.

తప్పు కనిపించాక మాత్రం ఉత్తరాలు వచ్చాయి.

జరిగింది ఇది. సాకేత్ కొత్త వెర్షన్‌లో చిన్న చిన్న పల్లెల పేర్లు కూడా చేర్చాడు. అందుకోసం ఊళ్ళను దాచుకునే పద్ధతి మార్చాల్సి వచ్చింది. దాంతో జనం ఇంతకు ముందు ఎంచుకున్న ఊరు చెరిగిపోయింది. మళ్ళీ ఎంచుకోవాలి. ఎంచుకోనివాళ్ళకి ఏదో ఒక ఊరు ఉండాలి కదా అని కాశీ పెట్టాడు. కాశీ అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదనుకున్నాడు. చాలా రోజుల్లో తేడా రాదు. కానీ తద్దినానికి పొద్దు వాలే వేళ ఉన్న తిథే లెక్క గనక, తిథి మారే గడియ ఆ వేళకి దగ్గరగా పడిన రోజున, కాశీ లెక్కకీ మన ఊరి లెక్కకీ ఒక రోజు తేడా వస్తుంది.

ఇదంతా అతను ప్రకటనలో రాశాడు. వెబ్‌సైటులో పెట్టాడు, చర్చా బృందానికి పంపాడు, కొత్త వెర్షన్‌లోని మార్పుల వివరాల్లో చేర్చాడు. పెట్టే ముందు గురువుగారికి చదివి వినిపించాడు. ఆయన విని, భాష శుద్ధంగా ఉందన్నారు.

"ఇది ఎవరికి?" అని అడిగారు.

"అందరికీ."

ఆయన ఇంకేమీ అనలేదు. అతను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

ఉత్తరాలకి జవాబులు పంపిన మర్నాడు, పొద్దెక్కుతుండగా ఒక మనిషి గేటు దగ్గర నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. భుజాన గుడ్డ సంచి. ఎండలో తిరిగినవాడి ఒళ్ళు కాదు. ఏళ్ళ తరబడి నీడపట్టున, ట్యూబులైటు కింద పనిచేసినవాళ్ళకి వచ్చే పాలిపోయిన రంగు. ఫోన్ ముందుకు చాపి, గీ తిథిదీపం చేసింది ఇక్కడేనా అని అడిగాడు. అందులో ఒక మూల మంథని అని ఉంటే పట్టుకుని వచ్చానన్నాడు. బస్టాండులో దిగి సిద్ధాంతి గారిల్లు అంటే చూపించారట.

తిథిదీపం వాడే మనిషిని సాకేత్ కళ్ళారా చూడటం అదే మొదలు.

సిద్ధాంతి గారు ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. ఆయన పేరు బూర రాజలింగం. సిరిసిల్ల పక్క పల్లె. చిన్నప్పుడే భివండి పోయి అక్కడి మరమగ్గాల మీద బతికాడు. పిల్లలు లేరు. భార్య అంబవ్వ, ఒంట్లో బాగులేదని ఊరికి తీసుకొచ్చాక, ఆ ఇంట్లోనే పోయింది. పుష్య బహుళ నవమి. అప్పట్నుంచీ ఏటా ఆ ఒక్క పనికే సెలవు పెట్టుకుని ఊరికి వస్తాడు. భివండిలో తిథి చూసి చెప్పేవాళ్ళు ఎవరూ తెలియరు. కార్ఖానాలో ఎవరో ఫోన్‌లో ఇది వేసి ఇచ్చారు. రెండేళ్ళు సరిగ్గానే చెప్పింది. ఈమధ్య దానంతటదే కొత్తగా మారింది.

ఈసారి ఫోన్ చెప్పిన రోజుకి ముందు రాత్రంతా బస్సులో వచ్చి, తెల్లారి దిగాడు. తాళం తీసి, ఇల్లు ఊడ్చి, ఆమెకి ఇష్టమైనవి తనే వండాడు. ఆకులో పెట్టి గోడ మీద ఉంచాడు. సాయంత్రం దాకా కాకి ముట్టలేదు. పొద్దు గుంకినాక ఊరి పంతులు దారిలో కనబడితే సంగతి చెప్పాడు. ఆయన వేళ్ళ మీద లెక్క చూసి, నవమి నిన్ననే అయిపోయిందన్నాడు.

రాజలింగం ఇదంతా గొంతు పెంచకుండా చెప్పాడు. ఎవరి మీదా నింద వేయలేదు. చివర ఒక్క మాట దగ్గర ఆగి, నేల వైపు చూశాడు.

"ఆమె వచ్చిన్నాడు ఇంటికి తాళం ఉండె సారూ."



సాకేత్‌కి ఏదో ఒకటి చెప్పాలనిపించింది. ఈ సంగతి తాము ముందే ప్రకటించామంటూ తన ఫోన్‌లో ఆ ప్రకటన తీసి రాజలింగం చేతికిచ్చాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వేలు కింద పెట్టుకుంటూ పైకి చదివాడు.

"పూర్వ నిర్దేశిత స్థల విలువలు నూతన సంచికయందు పరిరక్షింపబడవు. వినియోగదారులు స్థలనిర్దేశమును పునః నిర్వర్తింపవలెను. అన్యథా డిఫాల్ట్ రేఖాంశము వర్తించును."

దాని పైన అక్షరాల సైజు గురించీ రంగుల గురించీ ఏవో మార్పులున్నాయి. కింద కూడా ఉన్నాయి. ఆయన అవీ చదివాడు. చదవడం వచ్చు, ఒక్క అక్షరం తప్పలేదు. అంతా అయ్యాక కళ్ళజోడు తీసి, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"దీంట్ల నాకేం చెప్పిన్రు బిడ్డా?"

సాకేత్ ఫోన్ వెనక్కి తీసుకున్నాడు.

సిద్ధాంతి గారు లేచారు. రాజలింగం ఎదురుగా కింద కూర్చుని ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. రాజలింగం కంగారుపడి లేవబోయాడు. పంతులు కింద కూర్చోవడం ఆయనకి ఇబ్బందిగా ఉంది. సిద్ధాంతి గారు వదల్లేదు.

"తప్పు మాది. మీ ఇంట్లో జరగాల్సింది మా వల్ల చెడింది."

తర్వాత మెల్లగా చెప్పారు. తెలియక తిథి తప్పినవాళ్ళు అమావాస్యనాడు పెట్టుకోవచ్చు, శాస్త్రం ఒప్పుకుంటుంది. అమావాస్య దగ్గర్లోనే ఉంది. అప్పటిదాకా ఈ ఇంట్లో ఉండాలి, గోదావరి ఒడ్డున తనే దగ్గరుండి చేయిస్తానన్నారు. రాజలింగం చాలాసేపు ఆలోచించాడు. కార్ఖానాకి ఫోన్ చేశాడు. అవతలివాడు ఏదో గట్టిగా అంటుంటే ఫోన్ చెవికి కొంచెం దూరంగా పట్టుకుని విని, ఉంటానన్నాడు.

గురువుగారు తనను కోప్పడతారని సాకేత్ ఎదురుచూశాడు. కోప్పడితే బాగుండుననుకున్నాడు. ఆయన వంట దగ్గర రాజలింగానికి కారం సరిపోతుందో లేదో కనుక్కోమని మాత్రం చెప్పారు.

సాకేత్ వెనక గదిలోకి వెళ్ళి ప్రకటన తిరగరాయడం మొదలుపెట్టాడు. మొదట ఇంకా వివరంగా రాశాడు. రేఖాంశమంటే ఏమిటో రాశాడు, తేడా ఎందుకొస్తుందో రాశాడు, ఉదాహరణలు ఇచ్చాడు. మధ్యాహ్నానికి అది ఇంతకు ముందున్నదానికి రెండింతలైంది. తీసుకొచ్చి గురువుగారికి చూపించాడు.

ఆయన కాగితం తీసుకుని, చదవకుండానే మడిచి పక్కన పెట్టారు. అరుగు మీద కూర్చుని చెప్పులు కుట్టుకుంటున్న రాజలింగాన్ని చూపించారు.

"ఆయనకి చెప్పు. కాగితం చూడకుండా చెప్పు."

సాకేత్ వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. రాజలింగం సూది పక్కన పెట్టి, వినడానికి ఇటు తిరిగాడు. సాకేత్ నోరు తెరిచాడు. కొత్త సంచికలో స్థల విలువలు అన్నాడు, అక్కడే ఆగిపోయాడు. ఎదురుగా ఉన్న ముఖంలోకి చూస్తూ ఆ మాటలు అనలేకపోయాడు. డిఫాల్ట్ అనబోయి మానేశాడు. రాజలింగం ఓపిగ్గా చూస్తున్నాడు. రోడ్డు మీద ఇసుక ట్రాక్టరు ఒకటి పోయి, దుమ్ము అణిగేదాకా సాకేత్‌కి మాట దొరకలేదు.

"మీ ఊరు ఏదో మళ్ళీ ఒకసారి చెప్పాలి పెద్దాయనా. చెప్పకపోతే తద్దినం రోజు తప్పు వస్తుంది."

రాజలింగం ఇంకా ఏమైనా ఉందేమోనని చూశాడు.

"గంతేనా?"

"అంతే."

"గదే ముందుగాల చెప్తె అయిపోతుండె గద."

సాకేత్ తల ఊపాడు. లోపలికి వెళ్ళి ఆ రెండు మాటలూ అలాగే రాశాడు. ఈసారి వెబ్‌సైటులో కాదు, తిథిదీపం తెరవగానే మొట్టమొదట కనపడేలా, తిథి కన్నా ముందు పెట్టాడు. రంగుల మార్పులూ అక్షరాల మార్పులూ వేరేచోటికి తీసేశాడు. కాశీని ఏం చేయాలో మాత్రం తెలియక గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. ఊరు చెప్పనివాళ్ళకి ఏ ఊరి లెక్క చూపించాలి?

"ఎవరైనా వచ్చి తిథి అడిగితే నేనేం చేస్తాను?" అన్నారు సిద్ధాంతి గారు.

"ఏ ఊరని అడుగుతారు."

"వాళ్ళు చెప్పకపోతే?"

సాకేత్ వెనక్కి వెళ్ళి కాశీని తీసేశాడు. ఊరు చెప్పందే తిథి కనపడకుండా చేశాడు.

ఆ రోజుల్లో రాజలింగం ఇంట్లో ఎక్కువ మాట్లాడలేదు. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చేవాడు. వద్దంటే వినలేదు. మగ్గాల చప్పుడులో బతికిన మనిషికి ఇక్కడి నిశ్శబ్దం పడినట్టు లేదు. ఊరికే వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఉండేవాడు. సిద్ధాంతి గారి భార్య ఫొటో దగ్గర ఒకసారి నిలబడి, ఈమెది ఎప్పుడని అడిగాడు. ఆయన తిథి చెప్పారు. ఇద్దరూ కొంతసేపు ఆ గదిలోనే ఉండిపోయారు. ఏం మాట్లాడుకున్నారో సాకేత్‌కి వినపడలేదు, అసలు మాట్లాడుకున్నారో లేదో కూడా తెలియదు.

అమావాస్యనాడు గోదావరి మీద పొగమంచు పట్టింది. అవతలి ఒడ్డు కనపడటం లేదు. సిద్ధాంతి గారు మంత్రం చెబుతుంటే రాజలింగం ఆమె పేరు పలికాడు. అయ్యాక అన్నం ఆకులో పెట్టి రాయి మీద ఉంచగానే కాకులు వాలాయి. ఒకటి రెండు కాదు, గుంపుగా వచ్చి చూస్తుండగానే ఆకు ఖాళీ చేశాయి.

సాకేత్ సంతోషంగా ఆయన వైపు తిరిగాడు.

రాజలింగం కాకుల్నే చూస్తున్నాడు.

"ఇవి గోదారి కాకులు బిడ్డా. ఎవరు పెట్టినా తింటయి."

కోపంతో అనలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మెట్లెక్కాడు.

మధ్యాహ్నం సాకేత్ బస్టాండు దాకా వెళ్ళాడు. రాజలింగం ఫోన్‌లో కొత్త తిథిదీపం తనే వేశాడు. అది మొదట ఊరు అడిగింది. రాజలింగం తన పల్లె పేరు వెతికి నొక్కాడు. చిన్న పల్లె, అయినా అందులో ఉంది. ఆయన ముఖం కొద్దిగా తేటపడింది. వచ్చే ఏటి తేదీ చూసుకుని, రెండుసార్లు పైకి చదువుకున్నాడు.

బస్సు వచ్చేముందు ఏదో గుర్తొచ్చినట్టు చెప్పాడు. తన ఫోన్‌లోంచి ఆ మారినదాన్నే కార్ఖానాలో ఇంకొందరు ఎక్కించుకున్నారట. ఒకాయన తల్లి కోసం, ఒకాయన చిన్నతనంలో పోయిన కొడుకు కోసం. భివండిలో ఉన్నవాళ్ళకి పోగానే చెబుతానన్నాడు. ఆ కొడుకు పోయినాయన మాత్రం పని మానేసి సూరత్ వైపు పోయాడు. నంబర్ మారింది. ఎక్కడున్నాడో తెలియదు. ఆయన ఫోన్‌కి నెట్ ఉండటం కూడా అనుమానమే.

"ఆయనకెట్ల తెలుస్తది?" అన్నాడు రాజలింగం.

సాకేత్ ఆ మనిషి పేరు అడిగాడు. అందరూ సేటూ అని పిలిచేవారు, అసలు పేరు తెలియదన్నాడు రాజలింగం. బస్సు కదిలింది. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. అప్పటికే ముందున్న సీటు కమ్మీకి తల ఆనించుకున్నాడు.

సాకేత్ ఇంటికి నడిచి వచ్చాడు. ఇన్నాళ్ళూ అతను చూస్తున్న అంకె ఇప్పుడు వేరేలా కనపడుతోంది. తల్లికోసం ఒకరు, కొడుకు కోసం ఒకరు. ఎవరి దగ్గర ఏ వెర్షన్ ఉందో, ఎవరి ఫోన్‌లోంచి ఎవరి ఫోన్‌లోకి పోయిందో. వాళ్ళలో ఎవరో ఒకరు ఈపాటికి బస్సెక్కి ఉంటారు. పిలుద్దామంటే పేరు లేదు.

మర్నాడు తెల్లవారుతుండగా గురువుగారి వెంట గోదావరికి వెళ్ళాడు. మంచు ఇంకా విడలేదు. సిద్ధాంతి గారు స్నానం చేసి మొలలోతు నీళ్ళలో నిలబడి సంధ్య వార్చుకున్నారు. తన పెద్దలకు నీళ్ళు వదిలారు. సాకేత్ ఆఖరి మెట్టు మీద కూర్చుని ఆగాడు. ఆగలేక అడిగేశాడు.

"మనకి తెలిసినవాళ్ళకి చెప్పగలను గురువుగారూ. పేరు తెలియదు, ఊరు తెలియదు, మన మాట వాళ్ళదాకా పోయే దారే లేదు. అలాంటివాళ్ళకి ఎలా చెప్పను?"

సిద్ధాంతి గారు వెనక్కి తిరగలేదు. వంగి ఇంకో దోసిలి నీళ్ళు తీసుకున్నారు. పెదవులు కదిలాయి. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి మెల్లగా గోదావరిలోకి జారిపోయాయి.

ఆయన గట్టెక్కి ఒళ్ళు తుడుచుకునేదాకా సాకేత్ ఆగాడు.

"ఆ చివరిది ఎవరికి?"

"ఎవరూ లేనివాళ్ళకి. పేరూ గోత్రమూ నాకు తెలియనివాళ్ళకి."

"చేరుతుందా?"

సిద్ధాంతి గారు తడి బట్ట పిండుతూ నది వైపు చూశారు. మంచులో అవతల ఏమీ కనపడటం లేదు.

"తెలియదు. అందుకే రోజూ వదులుతాను."